ఖాళీ తూటా

తండ్రీకూతుళ్ళు ఒకే బండి ఎక్కి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్న చోట కిందటి భాగం ఆగింది. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

ముబారక్ బాబా ఖతర్ దేశస్థుడు, ఇల్లు దోహాలో. ఏడాదికొకసారి ఆఫ్రికా వెళ్ళి పెద్ద జంతువును వేటాడే మనిషి. నిరుడు కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఈ ఏడాదిది ఆఖరి వేట అన్నాడు. నమీబియాలో ఈలాండ్ అనే దుప్పి ఉంది. ఒంగోలు ఎద్దు దాని పక్కన దూడలా కనిపిస్తుంది. దాన్ని ఒక్క గుండుతో, నొప్పి తెలిసేలోపే పడగొట్టి, ఇక తుపాకి ముట్టనని ప్రమాణం చేశాడు. ఏ తుపాకితో అన్న దగ్గరే పేచీ వచ్చింది. బాబాది పాత పెద్ద తుపాకి, త్రీ సెవెంటీ ఫైవ్. గాడిదలా తంతుంది. కూతురు నూరైన్ తండ్రికి చెప్పకుండా ఒక చిన్న తుపాకి కొంది, త్రీ నాట్ ఎయిట్. దాని తన్ను పెద్దదానిలో సగం కూడా ఉండదు. ఆ రెంటిలో ఏది విమానం ఎక్కాలో ఈరోజే తేలాలి. పర్మిట్‌లో రాయాల్సిన తుపాకి నంబరు కోసం వేట ఏజెంటు పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నాడు.

బండి తోలుతున్నది హనుమప్ప. మడకశిర పక్క పల్లె. ఆరేళ్ళ కిందట ఊళ్ళో అతని భార్య హనుమక్క చావుబతుకుల్లో ఉన్నప్పుడు బాబా నమీబియా అడవిలో ఉన్నాడు. ఊరికి వెళ్ళాలంటే కావలసిన హనుమప్ప పాస్‌పోర్టు బాబా గదిలో ఇనప్పెట్టెలో ఉంది. పెట్టె అంకెలు బాబాకు తప్ప ఇంకెవరికీ తెలియవు. అడవిలో ఫోను అందడం లేదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. హనుమప్ప నమ్మాడు. అతను ఊరు చేరేసరికి గుంత మీద మట్టి ఆరిపోయింది.

ఈ వేటకు బాబా చెయ్యి పట్టుకుని నడిపించవలసినవాడు ఆ హనుమప్పే.

*

షూటింగ్ రేంజ్ ఊరికి దూరంగా ఉంది. ఇసుక, ఇసుక మీద ఒక రేకుల కప్పు, దాని కింద సిమెంటు బల్లలు. ఎదురుగా వంద మీటర్ల దూరాన మట్టికట్ట. కట్ట ముందు కాగితం మీద నల్లటి చుక్క. చుట్టుపక్కల చెట్టు లేదు. జెండా గుడ్డ కర్రకు అంటుకుపోయి వేలాడుతోంది.

బండి దిగే ముందు బాబా అద్దంలోంచి హనుమప్ప వంక చూశాడు. ఆ చూపుకు అర్థం హనుమప్పకు తెలుసు. వెనక తలుపు తెరిచి, బాబా తలగుడ్డ సర్దుతున్నట్టు వంగి, నాలుగు మడతలు పెట్టిన తువ్వాలును ఆయన చొక్కా లోపల కుడి భుజం మీద దోపాడు. చాలా ఏళ్ళుగా చేస్తున్న పనే. తువ్వాలు దోపిన రోజు రాత్రి స్నానాల గదిలో వెన్న పూసేది కూడా అతనే. ఆ భుజం నేరేడు పండు రంగులో ఉండేది. నూరైన్ అవతలి తలుపు దగ్గర నిలబడి ఎడారి వైపు చూసింది. చూడనట్టు నటించడం ఆమెకు బాగా వచ్చు.

రేంజ్‌లో గురి నేర్పే మనిషి ఫసీయుద్దీన్. హైదరాబాదు యాకుత్‌పురా. గడ్డం నెరిసింది కానీ చెయ్యి వణకదు. బాబా చేతిని కళ్ళకద్దుకుని, హనుమప్పను చూసి తెలుగులోకి దిగాడు.

"ఏం భాయ్, నువ్వు గూడ అడవికి పోతున్నవంట. సింహం ఎదురైతే ఎట్ల?"

"నన్ను చూసి అదేమి తింటుంది సామీ. ఎముకలే కదా ఉండేది" అన్నాడు హనుమప్ప.

ఫసీయుద్దీన్ నవ్వి, రెండు తుపాకులకూ తూటాలు తీసి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు. పెద్దది బొటనవేలంత లావు, బెత్తెడు పొడవు. చిన్నది దాని చెల్లెలిలా ఉంది. ఇత్తడి ఎండకు మెరిసింది. హనుమప్ప వంగి చూశాడు. ముట్టుకోవడానికి భయమేసింది. ఇంత చిన్న ముక్క వెయ్యి కిలోల జంతువును నేల మీద పడుకోబెడుతుందంటే నమ్మబుద్ధి కాలేదు.

అతనికి తెలిసిన తుపాకి వేరు. హనుమక్క నాయనకు నాటు తుపాకి ఉండేది. శెనక్కాయ చేలోకి అడవిపందులు దిగితే ముసలాయన గొట్టంలో మందు దట్టించేవాడు. పంది పెద్దదని తెలిస్తే ఇంకో గుప్పెడు. పేల్చినప్పుడల్లా వెల్లకిలా పడేవాడు. మర్నాడు టీ అంగడి దగ్గర చొక్కా విప్పి కమిలిన భుజం చూపించేవాడు. భుజం ఎంత నల్లబడితే పందికి అంత దెబ్బ తగిలినట్టు లెక్క. పంది దొరికిందా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. ఊరంతా ఆ లెక్కనే నమ్మింది. హనుమప్ప కూడా నమ్మాడు. దోహా వచ్చాక, అంత డబ్బున్న ముబారక్ బాబా కూడా అదే లెక్క నమ్ముతాడని తెలిసి అతనికి ఆశ్చర్యం వేసింది. దూరప్రయాణాల్లో బాబా ఆ పందుల కథలు చెప్పించుకుని నవ్వేవాడు. మీ మామ అసలైన వేటగాడు అనేవాడు.

అందరూ చెవులకు డిప్పలు పెట్టుకున్నారు. బాబా పెద్ద తుపాకి ఎత్తి, బిస్మిల్లా అని, పేల్చాడు.

డిప్పలు చెవులను కాపాడాయి కానీ ఛాతీని కాపాడలేదు. ఎవరో అరచేత్తో గుండె మీద చరిచినట్టయింది హనుమప్పకు. బల్ల కింద ఇసుక లేచి కూర్చుంది. మట్టికట్టలోంచి దుమ్ము మేకపిల్లంత ఎత్తు ఎగిరింది. ఇన్నేళ్ళుగా ఈ చప్పుడు వింటున్నా అతనికి అలవాటు కాలేదు. ఇది మనిషి చేతిలో ఉండదగ్గ వస్తువు కాదనిపిస్తుంది. దాన్ని చేతిలో పెట్టుకుని నిలబడ్డ మనిషి కూడా మామూలు మనిషిలా కనిపించడు.

రెండోసారి పేల్చాక బాబా తుపాకి దించాడు. ఫసీయుద్దీన్ దుర్భిణిలో చూసి పక్కకు జరిగాడు. నూరైన్ కూడా చూసింది. రెండు గుండ్లూ నల్ల చుక్కకు జానెడు కింద, ఎడమ పక్కన పడ్డాయి.

గాలి అన్నాడు బాబా. నూరైన్ జెండా గుడ్డ వైపు చూసింది. అది కదల్లేదు.

తర్వాత ఆమె చిన్న తుపాకి తీసుకుంది. సన్నటి మనిషి, నల్లటి అబాయాలో ఇంకా సన్నగా కనిపించింది. మూడుసార్లు పేల్చింది. మూడు చిల్లుల మీద ఒక బిస్కెట్టు పెడితే మూడూ కనపడవు. హనుమప్ప నోరు తెరిచాడు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు స్కూలుకు దింపింది తనే.

బాబాకు అది నచ్చలేదు. కాగితానికి ఎముక ఉండదు అన్నాడు. ఈలాండ్ భుజం గోడలాంటిదని, ఆడపిల్లల తుపాకి దాన్ని గిచ్చుతుందే తప్ప చంపదని అన్నాడు. ఫసీయుద్దీన్ గొంతు తగ్గించుకుని తనకు తెలిసింది చెప్పాడు. జంతువును చంపేది మన భుజం మీద పడే తన్ను కాదు. గట్టి రాగి గుండు ముందుకాలి వెనక దిగి, ఊపిరితిత్తులు, గుండె దాటి పోవాలి. నూటయాభై అడుగుల దాకా దగ్గరికి వెళ్ళి కొడితే చిన్న తూటాకు ఆ సత్తువ ఉంది. అడవిదున్న అయితే తనే పెద్దది తీసుకొమ్మంటాడు. ఈలాండ్‌కు చిన్నది చాలు, కానీ గుండు పంపిన చోటికే వెళ్ళాలి.

"నేను పంపిన చోటికే వెళ్తుంది" అన్నాడు బాబా.

నూరైన్ ఫసీయుద్దీన్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. అతను కాసేపు గడ్డం నిమురుకుని, పెద్ద తుపాకి తీసుకుని బల్ల అవతలకు తిరిగి తూటా పెట్టాడు. ఆపరేషన్ తర్వాత బాబాకు తూటా ఎక్కించే బోల్ట్ లాగడం కష్టంగా ఉంది కాబట్టి ఎవరో ఒకరు పెట్టివ్వడం మామూలే. తిరిగి వస్తూ ఫసీయుద్దీన్ హనుమప్ప దగ్గర ఆగి, అతని చెవి డిప్ప కాస్త జరిపాడు.

"ఖాళీది పెట్టిన భాయ్" అన్నాడు తెలుగులో, పెదవి కదలకుండా. "అందుల మందు లేదు. పెద్దాయన ఇజ్జత్ పోకుంటే బాగుండు."

బాబా తుపాకి భుజానికి ఆనించాడు. చుక్క మీద గురి నిలిపాడు. గొట్టం రాయిలా నిలబడింది. బిస్మిల్లా అన్నాడు. వేలు కదిలింది.

టక్ మంది. అంతే. పేలలేదు.

కానీ గొట్టం నేలలోకి ముక్కు పొడిచినట్టు కిందికి దిగింది, ఎడమ పక్కకు. బాబా కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. పళ్ళు బిగుసుకున్నాయి. భుజం ముందుకు తోసుకొచ్చి, తలగుడ్డ జారిపోయింది. రాని దెబ్బతో ఆ ఒళ్ళు కొట్లాడింది.

హనుమప్ప కళ్ళు దించుకోవాలనుకున్నాడు, దించలేకపోయాడు. సల్వా రోడ్డు మీద నూట నలభైలో టైరు పేలి బండి బొంగరంలా తిరిగినప్పుడు కూడా వెనక సీట్లో తస్బీ జపమాలలో పూస ఒక్కటి తప్పించని మనిషి ఇతను. ఆ మనిషి ఒక చిన్న చప్పుడుకు కళ్ళు మూసుకున్నాడు.

బాబా మెల్లగా కళ్ళు తెరిచాడు. గొట్టం ఎటు చూస్తోందో తనే చూసుకున్నాడు. ఇంకోసారి పెట్టు అన్నాడు. ఫసీయుద్దీన్ మళ్ళీ పెట్టాడు. మళ్ళీ టక్. మళ్ళీ గొట్టం నేల చూసింది.

"ఈసారి ఖాళీది నా కళ్ళ ముందే పెట్టు" అన్నాడు బాబా.

ఫసీయుద్దీన్ ఖాళీ తూటాను ఆయన అరచేతిలో పెట్టాడు. బాబా దాన్ని తిప్పి చూశాడు, ఊపి చూశాడు. తనే బోల్ట్ తోశాడు. నొప్పికి ముఖం ముడుచుకుంది. లోపల ఏమీ లేదని ఇప్పుడు ఆయనకు తెలుసు. తుపాకి ఎత్తి, చాలాసేపు గురిచూసి, మీట నొక్కాడు.

అప్పుడు కూడా కళ్ళు మూసుకున్నాయి. అప్పుడు కూడా గొట్టం దిగింది.

తల ఒప్పుకున్నదాన్ని భుజం ఒప్పుకోలేదు. ఏ ఏటి దెబ్బనూ అది మరిచిపోలేదు. యజమానికి చెప్పకుండా అన్నీ దాచుకుని కూర్చుంది. ఒంట్లో అలాంటి చోటు ఒకటి ఉంటుందని హనుమప్పకు తెలుసు. ఊరి నంబరు నుంచి ఫోను మోగితే ఈనాటికీ అతని ఎడమ చెయ్యి చల్లబడుతుంది.

బాబా బల్ల మీద కూర్చున్నాడు. చెవి డిప్పలు తీసి పక్కన పెట్టాడు. అందరూ తీశారు. నూరైన్ తండ్రి ఎదురుగా నిలబడింది. గెలిచినదాని ముఖం కాదు. మాట అరబ్బీలో వచ్చింది, గొంతు పెంచకుండా.

"ఆరేళ్ళ కిందట కూడా ఇదే జరిగింది నాన్నా. ఆ ఈలాండ్ కడుపులో గుండు పడింది గాలి వల్ల కాదు."

ఆ సంగతి ఇప్పుడెందుకు అన్నాడు బాబా.

"ఎందుకంటే ఫోను చేసింది నేను. డ్రైవరు పెళ్ళాం ఆస్పత్రిలో ఉంది, పెట్టె అంకెలు చెప్పు అన్నాను. నాలుగంకెలు. గడ్డి మీద రక్తం ఎండిపోతోంది, గాయపడ్డ జంతువును వదిలి మాట్లాడలేనన్నావు. ఫోను కట్టేశావు. రెండు రోజులు దాని వెనక నడిచావు. తిరిగొచ్చి, ఫోను అందలేదని మాతో చెప్పించావు. నీ కళ్ళు మూసుకున్న పాపం ఎవరికి చుట్టుకుందో నీకు తెలుసు. మళ్ళీ అదే తుపాకి కావాలా?"

వాళ్ళకు నాలుగడుగుల వెనక హనుమప్ప కహ్వా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నూరైన్ అతన్ని చూడలేదు. డ్రైవరు ముందు అన్నీ మాట్లాడుకోవడం ఆ ఇంటి అలవాటు. అతనితో వాళ్ళు మాట్లాడేది యల్లా, మాఫీ, బుక్రా లాంటి పిడికెడు మాటల భాష. అతను జవాబిచ్చేది కూడా అదే భాషలో. వెనక సీట్లో కుటుంబం ఇన్నేళ్ళు మాట్లాడుకున్న అసలు అరబ్బీ మొత్తం అతని చెవిలో పడుతూనే ఉందని ఎవరికీ తట్టలేదు. అతనూ చెప్పలేదు.

ఫోను అందింది.

హనుమప్ప ఫ్లాస్కును గట్టిగా పట్టుకున్నాడు. కోపం రావాలి. రాలేదు. దాని చోట ఇంకేదో వచ్చింది, కొండ ముందు నిలబడ్డవాడికి వచ్చేలాంటిది. రెండు రోజులు. మూగజీవం నొప్పితో పడి ఉండకూడదని, ఎండలో, ముళ్ళలో, గడ్డి మీద ఎర్రటి చుక్కలు వెతుక్కుంటూ రెండు రోజులు నడిచాడు ఈ ముసలాయన. అంత దయ ఉన్న మనిషిని హనుమప్ప ఇంకెక్కడా చూడలేదు. అంత పెద్ద దయలో నాలుగంకెలకు చోటు దొరకలేదు.

ఆ రెండు రోజులూ హనుమక్కకు ఊపిరి ఉంది. బావమరిది తర్వాత చెప్పాడు. "రెండు దినాలు వాకిలి తట్టుకే చూసిందప్పా. మాట లేదు, చూపే." ఆ మాటను హనుమప్ప ఇన్నాళ్ళూ దేవుడి మీద పెట్టి బతికాడు.

బాబా లేచి, అందరి ముందూ చొక్కాలో చెయ్యి పెట్టి తువ్వాలు బయటికి లాగి బల్ల మీద పడేశాడు. చిన్న తుపాకి ఇమ్మన్నట్టు చెయ్యి చాచాడు.

మళ్ళీ డిప్పలు. మళ్ళీ బిస్మిల్లా.

చప్పుడు పొడిగా, చిన్నగా వచ్చింది. తుపాకి భుజాన్ని తట్టి ఊరుకుంది. కళ్ళు మూసుకోలేదు. గొట్టం చూస్తున్న చోటే చూస్తూ ఉండిపోయింది. ఫసీయుద్దీన్ దుర్భిణిలోంచి తల తిప్పకుండా, చుక్క నడుమ అన్నాడు. బాబా ఇంకోటి పేల్చాడు. ఇంకోటి. మూడోది మొదటి చిల్లును అంచున కొరికింది.

బాబా వేడి వేడి ఇత్తడి తొడుగు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. చెయ్యి కాలుతున్నా వదల్లేదు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే బాబా" అన్నాడు ఫసీయుద్దీన్.

"ఇన్నేళ్ళూ..." అని ఆగిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగిన వీపు నిటారుగా నిలబడింది. తువ్వాలు లేని ఆ భుజం ఒక్కసారిగా పదేళ్ళ వెనక్కి వెళ్ళినట్టుంది. ఆ ముఖం మీది వింతను చూసి హనుమప్ప తన ఇష్టం లేకుండానే కరిగాడు. ఇంత పెద్ద మనిషి ఇంత చిన్న తూటా ముందు తల వంచాడు. చూడదగ్గ దృశ్యమే. నూరైన్ తండ్రి భుజం మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఏజెంటుకు ఫోను కలిపింది.

అప్పుడు బాబా హుషారుగా వెనక్కి తిరిగాడు. పిడికెడు మాటల భాషలో, నవ్వుతూ అడిగాడు. అడవిలో తన పక్కన నడిచేది హనూమే కదా, పందుల వేట చూసిన మనిషి కదా, అతనే చెప్పాలి. ఏది? ఇదా, అదా?

హనుమప్ప ఫ్లాస్కును బల్ల మీద పెట్టాడు. రెండడుగులు వేసి పెద్ద తుపాకి మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది.

ఫసీయుద్దీన్ కంగారుపడ్డాడు. "అరె భాయ్, మజాక్ చెయ్యకు. దీంతోని కొడితే పెద్దాయన భుజం పోతది. జానవర్ గూడ సరిగ సావదు."

"తెలుసు సామీ."

"తెలిసి చెప్తున్నవా?"

హనుమప్ప అతని వైపు చూడలేదు. బాబా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకురా, నీ మామ గుర్తొచ్చాడా అన్నట్టు చెయ్యి తిప్పాడు.

హనుమప్ప నోరు విప్పాడు. వచ్చింది పిడికెడు మాటల భాష కాదు. ఆ ఇంటివాళ్ళు తమలో తాము మాట్లాడుకునే అరబ్బీ, వాళ్ళ యాసతోనే, ఎక్కడా తడబడకుండా వచ్చింది.

"బాబా, రెండు రోజులు నడిచారు కదా. ఆ జంతువు చివరికి దొరికిందా?"

నూరైన్ చెయ్యి తండ్రి భుజం మీది నుంచి జారిపోయింది. ఆమె చెవి దగ్గర ఫోనులో ఏజెంటు అంకెలు చెప్పమని అడుగుతున్నాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. బాబా ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. హనుమప్ప తుపాకి మీది నుంచి చెయ్యి తియ్యలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ జవాబు కోసం నిలబడ్డాడు.

బాబా అరచెయ్యి తెరుచుకుంది. ఇత్తడి తొడుగు సిమెంటు మీద పడి దొర్లింది. కాలిన చోట చర్మం ఎర్రగా పొంగింది.

"కూర్చో" అన్నాడు ఆయన, అతనితో మొదటిసారి ఆ అసలు భాషలోనే. "అది దొరికిందో లేదో నా కూతురికి కూడా చెప్పలేదు."